అమ్మ ‘లేదు’ అన్న రోజు

పోయిన నెల మా మనమరాలు దివ్యను కుప్పంలో సర్కారు కాలేజీలో చేర్చడానికి నేను తోడుపోయాను. నా కొడుక్కు ఆ రోజు సెలవు దొరకలేదు, కోడలికి మోకాలి నొప్పి. “నువ్వొచ్చి ఏం చేస్తావవ్వా, అంతా ఫోన్లోనే గదా” అంది దివ్య. “ఏమీ చెయ్యను, నీ సంచి పట్టుకుని కూర్చుంటాను” అన్నాను. పుంగనూరులో పొద్దున్నే బస్సెక్కి, పలమనేరులో దిగి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని కుప్పం చేరేసరికి ఎండ ముదిరింది. కాలేజీ వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాయన మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించి, దివ్యను ఒక్కొక్కటే అడుగుతూ కంప్యూటర్లో కొట్టుకుంటున్నాడు.

“సొంత పొలం ఉందా పాపా?”

“లేదు సార్.”

“కారు?”

“లేదు సార్.”

“ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగం ఎవరికన్నా?”

“లేదు, లేదు.”

వేయించిన శెనక్కాయలు నోట్లోకి ఎగరేసుకున్నంత సులువుగా చెప్పేసింది. ఆయన తలెత్తి నాతో, “ఫీజు మీరు కట్టేది ఏమీ ఉండదమ్మా, హాస్టలు కూడా వస్తుంది” అన్నాడు. నేను తలూపాను గాని, నా ధ్యాస అక్కడ లేదు. ఆ పిల్ల అన్నన్నిసార్లు ఆ మాట అంటుంటే నాకు మా అమ్మ గుర్తుకొచ్చి భయమేసింది. మా అమ్మ ఉండి ఉంటే దివ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టేది.

మా పల్లె పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే దారిలో, రోడ్డు దిగి కొంచెం లోపలికి. బోదగడ్డి కప్పిన ఇల్లు, ముందర చిన్న కొట్టం. నాయన కుప్పం దగ్గర రాళ్ళ క్వారీలో పని చేసేవాడు, పని లేనప్పుడు ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో మేం ముగ్గురమే: అమ్మ, నేను, నా చెల్లెలు సుగుణ. నేను ఐదో తరగతితో ఆపేశాను. ఎవరూ ఆపమనలేదు, బడి ఐదు వరకే ఉండేది, అంతే. సుగుణ పెద్దబడికి పోయే వయసుకు పుంగనూరుకు బస్సు వచ్చింది. ఆ బస్సు నాకూ దానికీ నడుమ వచ్చిందన్నమాట. దాని గురించి నాకు ఏనాడూ దిగులు లేదు. సుగుణ పుస్తకం చదువుతూ ఒలుస్తుంది, నేను వింటూ ఒలుస్తాను. అట్లా నేనూ కొంచెం చదువుకున్నట్టే.

ఒలిచేది శెనక్కాయలు. పుంగనూరు సేటు విత్తనాల కోసం బస్తాలు మా ఇంటికి వేసేవాడు. మిషన్లో పడితే గింజ పొర చిట్లుతుంది, చిట్లిన గింజ మొలవదు, అందుకని చేత్తోనే ఒలవాలి. పొద్దున సంగటి కెలికి, శెనక్కాయ పచ్చడి, ఊరిబిండి, నూరి, అది తిన్న కాసేపటికి ఇంటి నడుమ కాయలు కుప్ప పోసుకుని కూర్చుంటే పొద్దు వాలేదాకా టపటపమని అదే శబ్దం. ఇల్లంతా మట్టి కలిసిన పొట్టు వాసన. ఆ వాసన మా తలవెంట్రుకల్లో, దుప్పట్లలో, సుగుణ పుస్తకాల్లో కూడా ఉండేది. కొట్టంలో ఒక పొట్టి ఆవు, మోకాలెత్తుకు కొంచెం పైన ఉండేది. అది పక్క ఊరి రెడ్డిది. మేపేది మేము, పుట్టిన దూడలో వాటా మాకు. గుట్ట కింద చేను కూడా ఆయనదే, పంటలో ఆయన పాలు ఆయనకిచ్చి కోరుకు చేసేవాళ్ళం.

అయితే ఇవేవీ మావి కావని మా అమ్మ నోటి నుంచి ఏ రోజూ వచ్చింది కాదు. అమ్మ పేరు నాగమ్మ. ఆమె మాట తీరే వేరు. ఇంటి కప్పు మీద తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, మనం ఏదంటే దానికి ఊకొడతారని ఆమె గట్టి నమ్మకం. దీపం ఆరిపోయింది అనకూడదు, కొండెక్కింది అనాలి. తాళి దారం తెగింది అనకూడదు, పెరిగింది అనాలి. బియ్యం అయిపోతే, నిండుకున్నాయి అనాలి. మా తెలుగిళ్ళల్లో ఆడవాళ్ళందరూ ఇంతవరకు అనేదే, కాని మా అమ్మ ఇంకా నాలుగాకులు ఎక్కువ. అడుక్కునేవాళ్ళు వాకిట్లో నిలబడితే, పెట్టడానికి ఏమీ లేకపోయినా, “ఇంకో పూట రా నాయనా, వేడిగా పెడతా” అనేది. సుగుణ చిన్నప్పుడు పలక కావాలని ఏడిస్తే, “అంగట్లో ఉండాది బంగారూ, అది యాడికీ పోదు” అనేది. ‘లేదు’ అనే మాట ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మేం ఇద్దరం కూడా అనడానికి జంకేవాళ్ళం. పక్కింటి గంగులత్త నవ్వేది: “మీ ఇంట్లో అన్నీ ఉండాయి, తినేదానికి తప్ప.”

సుగుణ పుంగనూరులో ఇంటరు పాసైంది. ఫస్టు క్లాసు. అంతటితో చదువు అయిందనే అందరం అనుకున్నాం. కాలేజీ అంటే మా దృష్టిలో డబ్బున్నవాళ్ళ పిల్లలు తెల్ల చొక్కాలేసుకుని పోయే చోటు. మదనపల్లె టమేటా మండీలో కాయ ఏరే పనికి ఆడపిల్లల్ని తీసుకుంటున్నారని తెలిసి, నేనూ సుగుణా అడగడానికి పోయాం. మండీ ఆయన సుగుణ చేతులు చూసి, “ఒలిచే చెయ్యి, బాగానే ఏరతాది, సోమవారం నుంచి రా” అన్నాడు. సుగుణ సరే అంది. బస్టాండుకు నడుస్తుంటే వాన పట్టుకుంది. దగ్గర్లో సర్కారు కాలేజీ గేటు కనిపిస్తే దాని కమాను కిందికి దూరి నిలబడ్డాం. గేటు తెరిచే ఉంది. లోపల వరండా, గోడకు నోటీసు బోర్డు. సుగుణ మెడ చాచి అంత దూరం నుంచే దాన్ని చదవాలని చూస్తోంది. కళ్ళజోడు పెట్టుకున్న ఒక మేడమ్మ వరండాలో నుంచి మమ్మల్ని చూసింది.

“తడుస్తున్నారు గదమ్మా, లోపలికి రండి.”

“మేం రావొచ్చా మేడం?” అంది సుగుణ.

“రావొచ్చా ఏమిటమ్మా, గవర్నమెంటు కాలేజీ ఇది. ఏం చదివావు నువ్వు?”

“ఇంటరు మేడం. ఫస్టు క్లాసు.”

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “ఫస్టు క్లాసు తెచ్చుకుని, వానొస్తే గాని కాలేజీలోకి రావా?”

నాకు నవ్వొచ్చింది, సుగుణకు రాలేదు. అది అప్పటికే బోర్డు ముందర ఉంది. ఆ బోర్డులో ఉన్నవే ఆమె నోటితో చెప్పింది. ఆడపిల్లలకు ఫీజు లేదు. ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళకు హాస్టలు ఉంది, మూడు పూటలా అన్నం పెడతారు. పుస్తకాలు లైబ్రరీ నుంచి ఏడాదంతా ఉంచుకోవచ్చు. ఇంకా పైన ఉపకార వేతనం. “ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నాయమ్మా. అడిగేవాళ్ళే రారు,” అంది. కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు తేవాలి, హాస్టల్లో చోటు నిండేలోపల తేవాలి. వాన నిలిచింది గాని సుగుణ కదలదు. ఆ ఊళ్ళోకి నేను ఎన్నో మార్లు పోయాను, ఆ గేటు ముందర నుంచే నడిచాను. లోపలికి పోవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవరినీ అడగలేదు.

ఆ వారం నాయన ఇంట్లోనే ఉన్నాడు. సంగటి ముద్ద చేతిలో పెట్టుకుని అంతా విన్నాడు. ‘ఉపకార వేతనం’ అన్నచోట ఆగాడు.

“ఉపకారమా, వేతనమా? ఏదో ఒకటి సెప్పు. ఉపకారమైతే దండం పెట్టల్ల. వేతనమైతే పని సెయ్యల్ల. రెండూ కలిపి ఎట్లిస్తారు?”

“సదివేదే పని నాయనా,” అంది సుగుణ.

“సదివితే కూలిస్తారా? ఆ పనికి నన్ను పిలిసింటే ఈ రాళ్ళు కొట్టే బాధ తప్పుండేది గదా!” అని పొలమారేదాకా నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. ఆమె పట్టుకున్నది వేరే ముక్క. “అన్నం కూడా పెడతారా?”

“పెడతారమ్మా.”

“రోజూనా?”

“రోజూ.”

“ఊరకనే తింటే బాగుండదు. పొయ్యేటప్పుడు ఏందన్నా తీసకపోవల్ల,” అంది. అదే ఆమె ఒప్పుకోవడం. మండీకి సోమవారం నుంచి పోవాల్సిన పిల్ల, సోమవారం నాడు కులం కాగితం కోసం పోయింది. అది తేలిగ్గానే వచ్చింది. ఆదాయం కాగితానికి మాత్రం ఇంటికొచ్చి విచారించాలన్నారు.

నాయన క్వారీకి వెళ్ళిపోయిన తర్వాత ఒక పొద్దున ఆ విచారణ ఆయన వచ్చాడు. ఆరై సారు అనేవాళ్ళు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరన్నమాట. కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, కుప్పం అవతలి వైపు, తమిళం మాట్లాడే ఊరి మనిషి. తెలుగు మాట్లాడతాడు గాని పుస్తకంలో చదివినట్టు ఉంటుంది. ఇంటికి మనిషి వచ్చాడంటే అమ్మకు ఇక వేరే లోకం లేదు. మంచం వాల్చింది, దుప్పటి పరిచింది, మజ్జిగలో ఉప్పేసి ఇచ్చింది. సుగుణ నీళ్ళకు పోయింది. నేను తలుపు పక్కన ఒలుస్తున్నాను.

“మీకు పొలం ఉందామ్మా?”

“ఉండాది సామీ. ఆ గుట్ట కింద కనపడతాండాదే, అదే మా సేను.”

“ఈ ఆవు?”

“మా లచ్చిమి. కురసగా ఉండాదని నవ్వొద్దు సామీ, పాలు మాత్రం ఎన్నపూస మాదిరి.”

“ఇన్ని శెనక్కాయలు…”

“ఇల్లంతా అయ్యే సామీ. తినండి.” దోసిలి నిండా తీసి ఆయన జేబులో పోసింది. సేటుకు గింజలు తూకానికి అప్పజెప్పాలి; ఆ దోసిలి మా కూలిలో పోతుంది. అది ఆమెకు తెలియక కాదు.

ఆయన లోపలికి తొంగిచూశాడు. “తిండిగింజలకు ఇబ్బంది లేదు కదమ్మా? బియ్యం అవీ ఉన్నాయా?”

“నిన్ననే నిండుకున్నాయి సామీ,” అంది అమ్మ, చాలా మామూలుగా.

“సంతోషమమ్మా,” అన్నాడాయన. రాసుకున్నాడు. ఆయన సంతోషమని ఎందుకన్నాడో నాకు అప్పుడు తట్టలేదు. పెద్దవాళ్ళ మాటలు, పోనీలే అనుకున్నాను.

తర్వాత సుగుణ ఆఫీసుకు పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. సొంత భూమి, పాడి, ఇంట్లో పంట నిల్వ ఉన్న కుటుంబమని రాశారట, కాగితం రాదన్నారట. అది ఊళ్ళోకి ఎట్లా పాకిందో గాని, గంగులత్త ఖాళీ చేట పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. “ఏమ్మే నాగమ్మా, జమీందారమ్మా! ఒక చేటెడు బియ్యం కొలిసియ్యి. నీ ఇంట్లో నిండుగా ఉండాయని తాలూకాఫీసులో రాసుండారంట!” అమ్మకు అప్పటిగ్గాని అర్థం కాలేదు.

సుగుణ ఏడవలేదు. కోపంగా ఒలుస్తూ కూర్చుంది, గింజలు చిట్లుతున్నాయి. “ఉండాది, ఉండాది అని యాలమ్మా సెప్పినావు?”

“ఇంటికొచ్చినోని ముందర లేదని ఎట్ల సెప్పేదే? లేదంటే లేకనే పోతాది.”

“ఇప్పుడు మాత్రం ఏముండాది? నేను మండీకే పోతా. నువ్వు ఉండాదనుకుంటా ఉండు.”

అమ్మ చిట్లిన గింజలు ఒక్కొక్కటే ఏరి వేరే పెట్టింది. రెండో రోజు పొద్దున్నే తలకు నీళ్ళు పోసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. “పాండి,” అంది. ఎక్కడికని మేం అడగలేదు.

తాలూకాఫీసు వరండా నిండా జనం. ఆరై సారు మమ్మల్ని గుర్తుపట్టాడు. “మజ్జిగ ఇచ్చిన అమ్మ గదా,” అన్నాడు. సుగుణ ముందుకుపోయి గడగడా చెప్పింది: పొలం కోరుకు సార్, ఆవు రెడ్డిగారిది సార్, శెనక్కాయలు సేటువి సార్. ఆయన విసుక్కోలేదు. కాని, “ఇంటి పెద్ద మాట రాసుకున్నానమ్మా. ఇప్పుడు నువ్వొచ్చి మార్చమంటే ఎట్లా? ఆమెనే చెప్పమను,” అన్నాడు.

అందరూ అమ్మ వైపు తిరిగారు.

“పొలం మీ సొంతమా అమ్మా?”

“దున్నేది మేమే సామీ.”

“దున్నేది కాదమ్మా. సొంతమా?”

“ఇత్తేదీ మేమే, కోసేదీ మేమే.”

“పట్టా ఉందా, లేదా?”

అమ్మ నేల చూస్తోంది. “మరి ఆ ఆవు?” అన్నాడాయన.

“మా సేతి మేతే తింటాది సామీ.”

వరుసలో ఉన్న పెద్దాయన ఒకడు నవ్వు ఆపుకోలేక, “ఏమ్మా, లేదని ఒక్క మాటంటే నోరు పోతాదా?” అన్నాడు.

“నోరు పోతే పోనీ అప్పా,” అంది అమ్మ, ఆయన వైపు తిరిగి. “ఇల్లు పోతాది.”

నవ్వినవాళ్ళు ఆగిపోయారు. సుగుణ నా చెయ్యి పట్టుకుంది. ఆ ఒక్క మాట కోసమే దాని చదువు ఆగి ఉందని అక్కడ అందరికీ అర్థమైంది, అమ్మకూ అర్థమైంది. ఆమె తలెత్తింది.

“సామీ, కప్పు కింద ఆ మాట నేననను. ఇంతమంది కూడు తినే సోటు ఇది. ఈడ అంటే మీకు తగుల్తాది. బయటికి రండి, సెప్తా.”

ఆరై సారు లేచి, అట్టముక్కా కాగితాలూ పట్టుకుని ఆమె వెనకాలే మెట్లు దిగాడు. వరండాలో జనమంతా దిగారు. అమ్మ ఆఫీసు నీడ దాటింది, కాలవ దాటింది, పైన చెట్టుకొమ్మ గూడా లేని చోటు చూసుకుని ఎండలో నిలబడింది. వెనకాలే వస్తున్న సుగుణను చేత్తో ఆపింది.

“నువ్వు దూరం పోమ్మే. ఆ గోడ కాడికి పో. నీకు తగలగూడదు.”

సుగుణ కదలకపోతే నేనే దాన్ని లాక్కుపోయి గోడ దగ్గర నిలబెట్టి, తిరిగి అమ్మ దగ్గరికి వచ్చాను. నన్నూ పొమ్మంది, నేను పోలేదు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. గొంతు పెద్దదేం కాదు, ఆయనకు వినపడేంత.

“భూమి లేదు సామీ. ఆవు లేదు. కాయలు సేటువి. మేముండే తావు గూడా సర్కారుదే. ఇంటాయన కుప్పంలో రాళ్ళు కొడతాడు. బియ్యం లేవు.”

ఒక్కొక్కటి అన్నప్పుడల్లా పక్కకు తిరిగి థూ అని ఉమ్మింది, అది అంటుకోకుండా. ఎవరూ నవ్వలేదు. ఆరై సారు రాసుకుంటూ బియ్యం దగ్గర ఆగాడు. “బియ్యం నిండుకున్నాయన్నారు గదమ్మా?”

“నిండుకున్నాయంటే అయిపోయినాయని సామీ.”

ఆయన మొహం ఎర్రబడింది. పెన్ను మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. “మా ఇంట్లో తమిళం అమ్మా. నాకు తెలీలేదు,” అన్నాడు. కొంచెం ఆగి, “మా అమ్మ కూడా లేదని చెప్పడానికి ఇల్లై అనదు. వాంగణుం అంటుంది. కొనాలి, అని,” అన్నాడు.

“మంచి తల్లి సామీ,” అంది అమ్మ.

ఆయన అక్కడే, కాంపౌండు గోడ మీద అట్ట ఆనించి, నిలబడే రాసిచ్చాడు. లోపలికి పోయి ముద్ర వేయించుకొచ్చింది కూడా ఆయనే. అమ్మ సుగుణను చేత్తో పిలిచింది: “ఐపాయ, రా.” దారిలో చేతిబోరింగు కనిపిస్తే నన్ను కొట్టమని, నోరు బాగా పుక్కిలించింది. సుగుణ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నడిచింది, మడిస్తే నలుగుతుందని.

ఇదంతా దివ్యకు కుప్పంలోనే, కాలేజీ క్యాంటీన్లో టీ తాగుతూ చెప్పాను. “ఇప్పుడు ఎవరూ అడగరవ్వా. కరెంటు బిల్లూ, బండీ, పొలమూ అన్నీ కంప్యూటరుకే తెలుస్తాయి. ఆ సారు ఊరకే సరిచూసుకున్నాడు,” అంది. మంచిదే. ఎవరి అమ్మా రోడ్డు మీద ఎండలో నిలబడే పని తప్పింది. సర్కారు ఇచ్చే ఫీజు డబ్బు ఒక్కోసారి ఆలస్యంగా పడుతుందట, పడినప్పుడు తల్లి ఖాతాలోనే పడుతుందట. ఆ రోజుల్లో మా అమ్మకు ఖాతా అంటే సేటు రాసుకునేదే. దివ్య ‘లేదు’ అంటే నాకు భయమేసింది గాని, ఆలోచిస్తే దాని మాటలో భయపడడానికి ఏమీ లేదు. ఆ పిల్ల లేదన్నది ఇమ్మని అడగడానికి. మా అమ్మ కాలంలో లేదంటే లేదే, దాని వెనక ఇచ్చేవాళ్ళు ఉన్నారని ఆమెకు ఎవరు చెప్పారు? ఒకటి మాత్రం అప్పటికీ ఇప్పటికీ మారలేదు. మా వీధిలో పిల్లవాడిని అప్పు చేసి బెంగళూరు దారిలో ప్రైవేటు కాలేజీలో వేశారు. ఆ కాలేజీవాళ్ళు ఇంటికొచ్చి, సోఫాలో కూర్చుని, కాఫీ తాగి పిలుచుకుపోయారు. సర్కారు కాలేజీ నుంచి ఎవరూ ఇంటికి రారు. అది తన గేటు తెరిచిపెట్టుకుని ఊరకే ఉంటుంది. అందుకని నేను కనిపించినవాళ్ళందరికీ చెబుతుంటాను, పోయి లోపల అడగండప్పా అని. నా కోడలు నవ్వుతుంది, అత్తమ్మ కాలేజీ ఏజెంటని.

సుగుణ మదనపల్లెలో మూడేళ్ళూ ఆ హాస్టల్లోనే ఉండి చదివింది. టీచరై, పలమనేరులో పనిచేసి, పోయినేడు రిటైరైంది. దాని బతుకు దానిది, బాగుంది. అదంతా రాయాలంటే అదే రాయాలి. నాకు రాయాలనిపించేది అది చేరిన కొత్తలో, ఒక ఆదివారం.

అమ్మ ఆ ఆదివారం పొద్దున రాగి సంగటి ముద్దలు చేసి, బాదమాకుల్లో చుట్టి, చింతకాయ తొక్కు ఒక గిన్నెలో పెట్టుకుంది. హాస్టల్లో ఏం పెడుతున్నారో, పిల్ల ఎట్లా చిక్కిపోయిందో అని దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉంది. మేం పోయేసరికి వాళ్ళు భోజనాలకు కూర్చుని ఉన్నారు. వార్డెనమ్మ మమ్మల్ని వరండాలో కూర్చోమంది. కిటికీలో నుంచి లోపల కనిపిస్తుంది: ఆడపిల్లలు బారులు తీరి కూర్చున్నారు, ముందర కంచాలు, తెల్లన్నం, సాంబారు వాసన బయటిదాకా వస్తోంది. సుగుణ మా వైపు వీపు పెట్టి కూర్చుంది. దానికి మేం వచ్చినట్టు తెలియదు. పక్కపిల్లతో ఏదో చెప్పి నవ్వుతోంది. వడ్డించే ఆమె అన్నం బేసిన్ ఎత్తుకుని వచ్చి, గరిటె నిండా తీసి దాని కంచం మీదికి వంచింది. సుగుణ కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

“చాలక్కా,” అంది. మాట ఆపకుండానే, ఆమె వైపు చూడకుండానే.

మా ఇంట్లో సంగటి కుండ ఎక్కడ అయిపోతే భోజనం అక్కడ అయినట్టు. వద్దనే అవసరం ఎవరికీ పడలేదు. అమ్మ కిటికీ ఊచ పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. తర్వాత సుగుణ చేతులు కడుక్కుని బయటికి వచ్చి, మమ్మల్ని చూసి ఎగిరినంత పని చేసింది. అమ్మ తెచ్చిన మూట విప్పబోయింది. “ఇప్పుడే తిన్నాను గదమ్మా, తొక్కు మాత్రం ఇచ్చిపో, మా వాళ్ళందరికీ కావాలి,” అంది సుగుణ.

సాయంత్రం మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సు కోసం కూర్చున్నాం. అమ్మ ఒళ్ళో సంగటి మూట అట్లాగే ఉంది.

“చాలనింది, ఇన్నావా?” అంది.

“విన్నానమ్మా.”

“ఎవురో బలవంతం సేస్తే అనింది గాదు. అదే అనింది. ఆయమ్మ ఇంకా యేస్తానంటే అనింది.”

“అవునమ్మా.”

అమ్మ మూట విప్పి, ఒక ముద్ద నా చేతిలో పెట్టింది. రెండోది తను తీసుకుంది. మా ఇంట్లో ఆమె అందరికీ పెట్టి ఆఖర్న తినేది, ఏమన్నా మిగిలితే. నాతోపాటు, నా పక్కన కూర్చుని, ఒకే సమయంలో ఆమె తినడం నేను చూసింది అదే మొదలు.